డాబా మీద కొత్త కోటింగ్, సీలింగ్ మీద పాత మరక

డాబాకి వాటర్ ప్రూఫింగ్ చేయించాక వచ్చిన మొదటి పెద్ద వానకే మా పడగ్గది సీలింగ్ మీద మరక మళ్ళీ తేలింది. పాత చోటే కాదు, ఫ్యాన్ హుక్కు దగ్గర కొత్తగా ఇంకో మచ్చ. వెంటనే ఆ గది లైటూ ఫ్యానూ నడిచే ఎంసీబీ స్విచ్ దించేశాను. శ్లాబులోకి దిగిన నీళ్ళు కరెంటు పైపుల వెంబడి పాకి, ఎక్కడో దిగి ఎక్కడో కారతాయి. మరక ఉన్నచోటికి సరిగ్గా పైనే లీకు ఉండాలని లేదు.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే, "శ్లాబులో పాత చెమ్మ ఉంటుంది మేడమ్, అదే బయటికొస్తోంది. నాలుగు ఎండలు కాస్తే ఆరిపోతుంది" అన్నాడు. అది కొట్టిపారేసే మాట కాదు. తడిసిన కాంక్రీటు పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది, పైన కోటింగ్‌తో మూసేశాక ఆ తడి కిందికే రావాలి. అందుకని ఫోన్‌లో వాదించకుండా, పెన్సిల్‌తో మరక అంచు చుట్టూ గీత గీసి పక్కన తేదీ వేశాను. ఆరుతున్న మరకైతే గీత లోపలే ఉండాలి. తర్వాతి వానకి అది గీత దాటింది. మళ్ళీ గీశాను, మళ్ళీ దాటింది. గీతలూ తేదీలూ కనపడేలా ఫొటో తీసి పంపాక పాత చెమ్మ మాట ఇక రాలేదు.

పైకి వెళ్ళి చూస్తే డాబా తెల్లగా మెరుస్తోంది. దూరం నుంచి చూసినవాళ్ళెవరైనా పని బాగుందనే అంటారు. పిట్టగోడ పక్కన ఒకచోట చిన్న బుడగలా లేచి ఉంటే గోటితో గీరాను. పాము కుబుసంలా పొర మొత్తం ఊడి చేతికొచ్చింది. తిప్పి చూస్తే దాని అడుగున ఎండిన నాచు, ఇసుక రేణువులు అతుక్కుని ఉన్నాయి. అంటే ఆ కోటింగ్ శ్లాబుని పట్టుకోనే లేదు, శ్లాబు మీది మురికిని పట్టుకుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, కడిగి, బాగా ఆరనిచ్చి, ప్రైమర్ కొట్టి ఉంటే అలా ఊడిరాదు.

ఖాళీ డబ్బాలు ఇంకా మెట్ల కిందే పడి ఉన్నాయి. లీటరుకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో డబ్బా మీదే రాసి ఉంటుంది. మా డాబా విస్తీర్ణాన్ని దానితో భాగిస్తే ఎన్ని లీటర్లు పట్టాలో తేలిపోయింది. అక్కడున్న డబ్బాలు అందులో సగానికి కూడా సరిపోవు. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు పరిస్తే తడి మీద ఒక మిల్లీమీటరు మందం వస్తుంది, ఆరాక అదీ ఇంకా పలచబడుతుంది. ఇక సగం మెటీరియల్‌తో రెండు కోట్లు వేశామంటే, నీళ్ళు ఎక్కువ కలిపైనా వేసి ఉండాలి, రెండో కోటు ఎగ్గొట్టైనా ఉండాలి.

అసలు లీకంతా అంచుల్లో ఉంది. శ్లాబు పగలు ఎండకి వ్యాకోచించి రాత్రికి సంకోచిస్తుంది. దానితో సమానంగా పిట్టగోడ కదలదు. ఆ రెండూ కలిసే మూలలోనే ముందు పగులు పడుతుంది. అక్కడ సిమెంటు మాల్‌తో ఏటవాలుగా మెత్తి, ఫైబర్ మెష్ అనే వలగుడ్డ పరిచి, కోటింగ్‌ని గోడ మీదికి కనీసం జానెడు ఎక్కించాలి. మాకు రెండు వేళ్ళ ఎత్తు ఎక్కించి వదిలేశారు, మెష్ జాడే లేదు. వాన నీళ్ళు పోయే పైపు దగ్గర ఇంకా ఘోరం. చుట్టూ వేసిన కొత్త సిమెంటు పైపు నోటికంటే ఎత్తుగా ఉంది. నీళ్ళు అక్కడిదాకా వచ్చి, దిగే దారి లేక నిలబడిపోతున్నాయి. పాత పగుళ్ళకి వేసిన అతుకుల్ని సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్ళాను. డొల్లగా మోగిన ప్రతిచోటా సుద్దముక్కతో సున్నా చుట్టాను. ఆ డాబా మీద సున్నాలు చూస్తుంటే నిజంగా ఏడుపొచ్చింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇది సీలింగ్ మీద మరకతో ఆగే విషయం కాదు. నీళ్ళు శ్లాబు లోపలి కడ్డీలదాకా వెళ్తే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, చుట్టూ ఉన్న కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. అప్పుడు పెచ్చులు ఊడి పడతాయి. ఆ గదిలో పడుకునేది మా అత్తగారు.

కాంట్రాక్టర్ వచ్చినప్పుడు, పని చేసిన పెద్ద మేస్త్రి కూడా వెంట వచ్చాడు. ఊడిన పొర చూపిస్తే కాంట్రాక్టర్ "ఇంకో కోటు వేసిస్తాను మేడమ్, డబ్బులేం వద్దు" అన్నాడు. ఉదారంగా వినపడుతుంది గానీ నేను ఒప్పుకోలేదు. పట్టులేని పొర మీద వేసిన పొర దానితోపాటే ఊడుతుంది, పైగా తప్పులన్నీ దాని కింద దాక్కుంటాయి. ఆయన ఫోన్ మాట్లాడ్డానికి పక్కకి వెళ్ళినప్పుడు మేస్త్రి నెమ్మదిగా అన్నాడు: "కడిగామమ్మా. ఆరనివ్వలేదు. మబ్బు పట్టింది, తొందరగా కానిచ్చెయ్యమన్నారు." మేస్త్రి మీద నాకు కోపం లేదు. ఆరడానికి టైమ్ ఇవ్వనివాళ్ళ దగ్గర ఎంత పనితనం ఉన్నవాడైనా ఏం చేస్తాడు?

ఆ మాట కాంట్రాక్టర్ దగ్గర ఎత్తలేదు, మేస్త్రి పనికి ఎసరు వస్తుందని. ఫొటోలు, డబ్బాల లెక్క మాత్రమే ముందు పెట్టాను. ఒక కాగితం మీద ఏమేం కావాలో రాసిచ్చాను: ఊడేదంతా గీకెయ్యాలి, డొల్ల అతుకులు చెక్కి తీసి మళ్ళీ నింపాలి, పైపు నోరు దించి వాలు సరిచెయ్యాలి, మూలల్లో మెష్, రెండు కోట్లు ఒకదానికొకటి అడ్డంగా. డబ్బాలు నా ముందే విప్పాలి. ఆఖరి వాయిదా డబ్బు డాబా మీద నీళ్ళు కట్టి చూశాకే. ఆయన గట్టిగానే మాట్లాడాడు, కూలీలకి రెండుసార్లు ఎవరిస్తారన్నాడు. నేనూ తగ్గలేదు. బాకీ ఉన్న సొమ్ము నా దగ్గర లేకపోయి ఉంటే ఆయన రెండోసారి మెట్లెక్కేవాడు కాదనే నా నమ్మకం.

వానలు తెరిపిచ్చాక పని మళ్ళీ జరిగింది. అంతా ఆరాక పైపు నోరు మూసి, డాబా మీద రెండంగుళాల నీళ్ళు కట్టించి రెండు రోజులు ఉంచాం. దీనికి ముందు ఒక ఇంజనీరుని అడిగాను. రెండంగుళాల నీళ్ళంటే చదరపు మీటరుకి యాభై కిలోల బరువు, పాత శ్లాబుల మీద చూసుకోకుండా కట్టకూడదు. మొదటిసారి పైపు చుట్టూ కింద తడి కనిపించింది. ఆ ఒక్కచోట విప్పి మళ్ళీ సీల్ చేశారు. రెండోసారి ఎక్కడా చుక్క తడి లేదు, పెన్సిల్ గీత దగ్గర కూడా.

గ్యారంటీ కాగితం తెచ్చారు. అందులో మెటీరియల్‌కి మాత్రమే అని ఉంది. మా డబ్బాలో మెటీరియల్‌కి ఏ లోపమూ లేదు కదా, లోపమంతా వేసిన తీరులో. "పనితనానికి కూడా" అని చేత్తో రాయించి, పక్కన సంతకం పెట్టించుకుని, మిగిలిన డబ్బు ఇచ్చేశాను.