కారుతున్న కుళాయి, ఎనిమిదో తరగతి ప్రాజెక్టు

మన ప్రభుత్వ బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనానికి, అంటే పాఠాలు సాగుతుండగానే పిల్లల అభ్యసనను అంచనా వేయడానికి, వాడే సాధనాల్లో ప్రాజెక్టు పనికే ఎక్కువ అన్యాయం జరుగుతోందని విజ్ఞానశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలిగా నా అభిప్రాయం. గైడులోనో ఫోనులోనో దొరికిన నాలుగు పేరాలు చార్టు మీదికి ఎక్కితే చాలు, మార్కులు పడిపోతాయి.

అందుకే నీటి పొదుపు అంశం వచ్చినప్పుడు వ్యాసం అడగకుండా, బడి ఆవరణలో కారుతున్న కుళాయి వల్ల రోజుకు ఎంత నీరు వృథా అవుతుందో జట్లుగా కొలిచి చూపమన్నాను. ఒకరు చుక్కలు లెక్కపెడుతుంటే మరొకరు గడియారం చూశారు, ఇంకొకరు కొలజాడీ పట్టుకున్నారు, నాలుగో విద్యార్థి పట్టిక నింపాడు. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. మిల్లీలీటరుకు 20 చుక్కలనుకుంటే 4.32 లీటర్లు. అయితే తమ కుళాయి చుక్కలు పెద్దవని, 15 చుక్కలకే మిల్లీలీటరు నిండుతోందని, కాబట్టి 5.76 లీటర్లు పోతున్నాయని రెండో జట్టు వాదించింది. ఫోనులో వెతికితే మూడో సంఖ్య కనిపించింది. ఏది నమ్మాలో తేల్చుకోవడానికి మళ్లీ కొలవడం, కుళాయి మూతులను పోల్చడం, ఫోనులోని లెక్క ఎలాంటి చుక్కను ఆధారం చేసుకుందో ఆరా తీయడం అన్నీ పిల్లలే చేశారు.

2020 జాతీయ విద్యా విధానం కోరిన విమర్శనాత్మక ఆలోచనకు ఇంతకంటే ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు గానీ, సమయం మాత్రం కావాలి. ఒక్క పీరియడులో ఈ పని ఇమడదు కనుక, వారానికి ఒకసారైనా రెండు పీరియడ్లు కలిపి ఇవ్వమని మా ప్రధానోపాధ్యాయుల వారిని అడుగుతున్నాను.