పైథాన్ పిలిచినా లిబ్రేఆఫీస్ పలకనప్పుడు

పోయిన వారం నలభై స్ప్రెడ్‌షీట్లలోని అంకెలను ఒకచోటికి చేర్చవలసిన పని పడింది. చేత్తో చేసే ఓపిక లేక, లిబ్రేఆఫీస్‌లోని స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం కాల్క్‌ను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో నడిపిద్దామని కూర్చున్నాను. స్క్రిప్టు ముప్పై వరుసలు దాటలేదు గానీ, ఆ రెండింటికీ మాట కలపడానికే రెండు సాయంత్రాలు పట్టింది.

ముందుగా, లిబ్రేఆఫీస్‌తో (ఇకపై ఆఫీసు) మాట్లాడించే యునో అనే మాడ్యూల్ దొరకలేదని పైథాన్ మొరాయించింది. ఈ మాడ్యూల్ ఆఫీసుతో ముడిపడినది; పైగా ఒక నిర్దిష్ట పైథాన్ వెర్షన్ కోసం కంపైలై ఉంటుంది. విండోస్‌లోనైతే లిబ్రేఆఫీస్ తన సొంత పైథాన్‌ను వెంట తెచ్చుకుంటుంది కనుక స్క్రిప్టును దానితోనే నడపాలి. నేను వాడే డెబియన్ లినక్స్‌లో అవసరమైన ప్యాకేజీ ముందే ఉంది. అయితే నా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌కు (ఈ పని కోసం పైథాన్‌ను విడిగా పెట్టుకున్న చోటుకు) సిస్టమ్ ప్యాకేజీలు కనబడవు. వాటిని చూడనిచ్చే ఆప్షన్‌తో దాన్ని మళ్లీ తయారు చేసుకున్నాను.

అసలు చిక్కు ఆ తరువాతే మొదలైంది. 2002 నంబరు పోర్టు తెరిచి ఉంచమని చెబుతూ టెర్మినల్ నుంచి ఆఫీసును తెరిచాను; స్క్రిప్టు దానితో సాకెట్ అనే కనెక్షన్ ద్వారా ఆ పోర్టులోనే మాట్లాడాలి. సాకెట్‌కు కనెక్ట్ కాలేకపోయానని స్క్రిప్టు పదేపదే చెబుతుంటే, ఆ మాటలు నమ్మి ఫైర్‌వాల్‌ను అనుమానించాను, లోకల్‌హోస్ట్ తీసి 127.0.0.1 పెట్టాను (రెండూ సొంత కంప్యూటర్‌ను సూచించేవే), పోర్టు కూడా మార్చి చూశాను. చివరికి ఏయే పోర్టులు తెరిచి ఉన్నాయో చూస్తే, 2002 ఆ జాబితాలోనే లేదు. ఈ పని మొదటే చేయవలసింది. విసుగొచ్చి ఆఫీసు విండో మూసేసరికి, టెర్మినల్‌లో 'యుఆర్‌పి: కమాండ్ నాట్ ఫౌండ్' అన్న వరుస ప్రత్యక్షమైంది.

గుట్టు అక్కడ బయటపడింది. ఆఫీసును పోర్టు తెరిచి కూర్చోమని చెప్పే యాక్సెప్ట్ ఆప్షన్‌లో సాకెట్ వివరాలు, యుఆర్‌పి అనే ప్రోటోకాల్ పేరు, ఆపైన స్టార్‌ఆఫీస్ పేరుతో మొదలయ్యే మరో ముక్క సెమీకోలన్లతో విడివడి ఉంటాయి. (సన్ సంస్థ 1999లో కొన్న స్టార్‌ఆఫీస్ పేరు ఇప్పటికీ అందులో బతికే ఉంది.) నేను దాని చుట్టూ కోట్స్ (కొటేషన్ గుర్తులు) పెట్టలేదు. టెర్మినల్‌లో మన కమాండ్లను చదివి నడిపే షెల్‌కు సెమీకోలన్ అంటే ఒక కమాండ్ ముగిసినట్టే. కనుక ఆఫీసుకు చేరింది సగం మాటే, మిగిలిన సగాన్ని షెల్ వేరే కమాండ్లుగా దాచుకుని, ఆఫీసు మూసుకున్నాకే వాటి జోలికి వెళ్లింది. అందుకే ఆ ఎర్రర్ అంతసేపూ నా కంట పడలేదు. కోట్స్ పెట్టగానే పోర్టు తెరుచుకుంది.

అయినా మొదటి ప్రయత్నం తప్పింది, ఎందుకంటే ఆఫీసు పూర్తిగా లేవకముందే స్క్రిప్టు దాన్ని పిలుస్తోంది. సెకనుకొకసారి చొప్పున కాసేపు మళ్లీ మళ్లీ ప్రయత్నించే లూప్ ఒకటి రాశాను. ఫైల్ పేరును మామూలు పాత్‌గా కాక file:// తో మొదలయ్యే ఫైల్ యూఆర్‌ఎల్‌గా ఇవ్వాలన్నది త్వరగానే తెలిసింది. ఆఖరున, సెల్స్‌లో అంకెలు ఒకేసారి నింపబోతే లిస్టులను ఆఫీసు ఒప్పుకోలేదు. వరుసలన్నింటినీ టపుల్‌లో టపుల్స్‌గా (టపుల్ అంటే పైథాన్‌లో మార్చడానికి వీల్లేని వరుస), ఎంచుకున్న రేంజ్ కొలతకు సరిగ్గా సరిపోయేలా మార్చి ఇచ్చాక, నలభై ఫైళ్ల అంకెలూ ఒక్క షీటులోకి వచ్చి చేరాయి.