ఒకే తీగ, మూడు పనులు

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను అంటే మా నాన్నగారు ఒక పట్టాన నమ్మలేదు. "ఉత్త కేబుల్ టీవీకే అంతకన్నా ఎక్కువ కడుతున్నాం కదరా!" అన్నారు.

నాకు ధర కన్నా ఆ ఉపాయం నచ్చింది. ఊరూరా రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. ఇళ్లకు చేర్చే పని కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు. పథకం కొత్తదే, గుమ్మంలో నిలబడి నెల డబ్బులు అడిగే మనిషి మాత్రం పాతవాడే.

ఫోను సంగతి వేరు. రాగి తీగల రోజుల్లో ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలే మన ఫోనుకు విద్యుత్తు పంపేవి. ఊరంతా చీకటైనా ల్యాండ్‌లైన్ మోగేది. ఫైబరు అంటే సన్నటి గాజు తీగ, అందులో ప్రయాణించేది వెలుగు. దాన్ని మాటగా మార్చాల్సింది ఇంట్లోని పెట్టె, దానికేమో మన కరెంటే దిక్కు. కరెంటు పోయిందా, పచ్చ దీపాలు ఆరిపోయి మూడు సేవలూ ఒక్కసారే మూగబోతాయి. పెద్దవాళ్లున్న ఇల్లు, ఫోను మోగాలి కదా! అందుకే పెట్టెకు చిన్న యూపీఎస్ తగిలించాను. టీవీకి ఆ యోగం లేదు. అమ్మ సీరియల్ కరెంటు వచ్చేదాకా ఆగాల్సిందే.