పొలిమేర దారిలో వెనక్కి తిరిగినవాడు

లూకా సువార్త 17వ అధ్యాయంలో ప్రభువైన యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల సంగతి మనకు కంఠతా వచ్చు. కానీ 11వ వచనం దగ్గర ఎవరూ ఆగరు. ప్రభువు "సమరయ గలిలయల మధ్యగా" వెళ్తున్నాడు. అంటే అది పొలిమేర దారి. పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో ఉంటూ, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో సవర మాట వినే మన చెవికి ఆ మాట తగలాలి. అక్కడ రోగం అందర్నీ ఒక గుంపు చేసింది. బాగయ్యాక కృతజ్ఞత చెప్పడానికి వెనక్కి వచ్చింది మాత్రం అవతలి వాడు, సమరయుడొక్కడే.

ఆ తొమ్మండుగురిని తిట్టడం సులువు. వాళ్లు మాట వినలేదని మాత్రం అనలేం. "వెళ్లి మిమ్మును యాజకులకు కనుపరచుకొనుడి" అన్నది ప్రభువే. వాళ్లు అటే పోతున్నారు. లేవీయకాండము 14 ప్రకారం శుద్ధి తతంగం ఎనిమిదో రోజు దాకా సాగుతుంది, దానికి పక్షులు, గొఱ్ఱెపిల్లలు, పిండి, నూనె కావాలి. చేతినిండా పని. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించే రోజు మనమూ బిల్లు, మందులు, ఆటో అంటూ తిరుగుతాం. కృతజ్ఞత ఎక్కువగా జారిపోయేది చెడ్డతనం వల్ల కాదు, తరవాతి పని తొందరలో.

తిరిగి వచ్చినవాడు చేసినవి చూడండి: స్వస్థత కలగడం చూశాడు, వెనక్కి తిరిగాడు, గొప్ప శబ్దంతో దేవుణ్ణి మహిమపరిచాడు. కృతజ్ఞత కోసం రోజూ చేసుకోవాల్సిన సాధన అంతా ఇందులోనే ఉంది.

రాత్రి భోజనం అయ్యాక, ఫోను ముట్టుకోకముందు, పది నిమిషాలు చాలు. ఒక రూళ్ల నోటు పుస్తకం, పెన్ను. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ రాయకండి. ఇప్పటి నుంచి పొద్దున లేచినదాకా ఆ రోజులో గంట గంటగా వెనక్కి నడవండి. తరవాత మూడు మేళ్లు రాయండి, ఒక్కోటి ఒక్క వాక్యం. ఎవరి ద్వారా, ఎప్పుడు, ఏమిటి అన్నది అందులో ఉండాలి. "ఆరోగ్యం ఇచ్చావు" అని రాస్తే అది మేలు కాదు, శీర్షిక. "నౌపడ బండి కదిలిపోతుంటే ఒకాయన చెయ్యి పట్టి ఎక్కించాడు" అంటే అది మేలు. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అంటుంది 103వ కీర్తన. విడివిడిగా గుర్తుపెట్టుకుంటేనే కదా మరవకుండా ఉండేది.

భాష సంగతి కూడా. "కృతజ్ఞతాస్తుతులు" గుడిలో పలికే మాట, ఇంట్లో నోటికి రాదు. మేలు చేసినవాణ్ణి మన పెద్దవాళ్లు "చల్లగా ఉండు నాయనా" అంటారు, అంతే. పుస్తకంలో కూడా అలాంటి మాటే రాయండి. ఒడియాలో తట్టింది ఒడియాలోనే రాయండి. ఆ తరవాత మూడూ పైకి చదవండి, గొంతు విప్పి. మనసులో అనుకున్నది నిద్రలో కలిసిపోతుంది. నోట అన్నది పక్కనున్న పిల్లలు వింటారు.

రెండు వారాలకు పుస్తకం ఎండిపోతుంది, అందరికీ. అన్నం, ఇల్లు, పిల్లలు, మళ్లీ అన్నం. దీనికి జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న జ్ఞానోపదేశంలో మంచి దారి ఉంది. విశ్వాస ప్రమాణం మొదటి భాగాన్ని వివరిస్తూ ఆయన బట్టలు, చెప్పులు, అన్నపానాలు, ఇల్లు, పొలం, పశువులు అంటూ ఒక్కో వస్తువునూ పేరుపెట్టి చెప్పి, వీటన్నిటికీ దేవునికి వందనాలు చెల్లించడం నా బాధ్యత అంటాడు. 1882లో మొదలైన, జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీల పనిలోంచి ఎదిగిన జయపురం లూథరన్ సంఘం వాళ్లకు ఇది ఇంటి సొత్తే. వారానికి ఒక వస్తువు పట్టుకోండి. చెప్పులు అనుకుంటే కుట్టినవాడు, తోలు, నడిచిన దారి అన్నీ బయటికొస్తాయి.

ఇంకో చిక్కు కనబడకుండా వస్తుంది. "పక్కింటివాళ్లలా అప్పుల్లో లేనందుకు వందనాలు." ఇది లూకా 18:11లో, ఇతరుల్లాంటివాణ్ణి కానందుకు వందనాలు చెప్పిన పరిసయ్యుడి ప్రార్థనే. వాక్యంలో ఇంకొకరితో పోలిక ఉంటే కొట్టేయండి.

కష్టకాలం మాటేమిటి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాలో కొండచరియలు ఇళ్ల మీద పడ్డప్పుడు, శవం పక్కన కూర్చున్నవాళ్లకు "స్తోత్రం చెప్పండి" అని బోధించడం క్రూరం. 1 థెస్సలొనీకయులకు 5:18లో ఉన్నది "ప్రతి విషయమునందును". ప్రతి విషయానికీ అని కాదు. ఎఫెసీయులకు 5:20లో "సమస్తమునుగూర్చి" అని ఉందన్న మాట నిజమే, దాన్ని దాచి మాట్లాడకూడదు. కానీ ఆ పక్కనే 13వ కీర్తన ఉంది: మొదటి రెండు వచనాల్లో నాలుగుసార్లు "ఎంతకాలం?" అని అడిగి, ఆరో వచనానికి గానీ పాటలోకి రాదు. అలాంటి రాత్రి పుస్తకంలో ఆ ప్రశ్నే రాయండి. మేళ్లు మూడు కానక్కర్లేదు, ఒకటి చాలు. అదీ లేకపోతే ప్రశ్న దగ్గరే ఆపేయండి.

వారానికోసారి, శనివారం రాత్రి అనుకుందాం, ఏడు రోజుల పేజీలు తిరగేసి ఒక మనిషిని ఎంచుకోండి. మరునాడు గుడి దగ్గరో వీధిలోనో ఆ మనిషికి నోటితో చెప్పండి. రాసిన కాగితం సగం పనే చేస్తుంది. సమరయుడు ఉన్నచోటి నుంచే కేకవేయలేదు, పాదాల దాకా నడిచి వచ్చాడు.

ఒక రాత్రి తప్పితే మరునాడు ఆరు రాసి బాకీ తీర్చబోకండి. అలా మొదలైన పుస్తకాలు నెలలోపే మూతపడతాయి. లేవీయకాండము 7:15 ప్రకారం కృతజ్ఞతాబలి మాంసం ఆ రోజే తినాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా కూడా, మరునాటికి దాస్తే పురుగుపట్టింది. తప్పిన తేదీ పక్కన చిన్న గీత గీసి, కింద ఇవాళ్టివి మూడు రాయండి.