వేడి నీళ్ల రీసర్క్యులేషన్: పంపు కొనేముందు పైపులు చూసుకోండి

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొన్న మనవాళ్ళు తెగ అడిగే ప్రశ్న ఇది. వాటర్ హీటర్ గరాజ్ వైపు, మాస్టర్ బాత్ ఇంటికి ఆ చివర, పొద్దున్నే వేడినీళ్ళు ఎంతకీ రావు, ఏ పంపు కొనమంటారు అని. రీసర్క్యులేషన్ పంపు అంటే పైపులో చల్లారిన నీళ్ళని పారబోయకుండా హీటర్‌కి తిప్పి పంపి, వేడినీళ్ళని ట్యాప్ దాకా తెచ్చేది. పంపుదేముంది, దొరుకుతుంది, ముందు గోడల్లో పైపులు ఎలా వెళ్ళాయో చూసుకోండి బాబూ.

మా ఇంట్లో హీటర్ నుంచి మాస్టర్ బాత్ సింక్ దాకా సుమారు 60 అడుగులు, ముప్పావు అంగుళం పెక్స్ (ప్లాస్టిక్) పైపు. అడుగుకి 0.018 గ్యాలన్ పట్టుద్ది, అంటే గ్యాలన్ పైనే, మన లెక్కలో నాలుగు లీటర్లు, చల్లారిపోయిన నీళ్ళు పైపులోనే ఉంటాయి, సింక్ ట్యాప్ ఏమో నిమిషానికి 1.2 గ్యాలన్లే వదులుద్ది, పైగా పైపు కూడా వేడెక్కాలిగా, ఇక పళ్ళు తోముకోడం అయిపోయాక వస్తాయి వేడినీళ్ళు. మా అత్తగారు వచ్చినప్పుడల్లా ఆ నీళ్ళు పారబోయనివ్వరు, బకెట్‌లో పట్టి కరివేపాకు కుండీకి పోస్తారు.

మొదట చూడాల్సింది రిటర్న్ లైన్, అంటే చల్లారిన నీళ్ళు హీటర్‌కి తిరిగొచ్చే విడి పైపు, ఉందా లేదా. హీటర్ దగ్గర చల్లనీళ్ళదీ వేడినీళ్ళదీ కాకుండా మూడో పైపు ఉంటే, కొన్నిచోట్ల బిల్డర్ క్యాప్ వేసి వదిలేస్తాడు, అదే మీ అదృష్టం. హీటర్ దగ్గర పంపు, నీళ్ళని ఒకవైపే పోనిచ్చే ఒక చెక్ వాల్వ్ పెడితే పని అయిపోయినట్టే. చెక్ వాల్వ్ మాత్రం మానొద్దు, అది లేకపోతే ట్యాప్ తిప్పినప్పుడు నీళ్ళు రిటర్న్ లైన్‌లోంచి వెనక్కి తన్నుకొచ్చి వేడినీళ్ళు గోరువెచ్చగా వస్తాయి.

మాకు ఆ లైన్ లేదు. గోడలు పగలగొట్టడం నా వల్ల కాదు. అలాంటప్పుడు చివరి సింక్ కింద వేడినీళ్ళ పైపునీ చల్లనీళ్ళ పైపునీ కలిపే క్రాసోవర్ వాల్వ్ పెడతారు, పంపు తిరిగితే చల్లారిన నీళ్ళు చల్లనీళ్ళ పైపులోంచే హీటర్‌కి తిరిగెళ్తాయి, దాదాపు 98 డిగ్రీల ఫారన్‌హీట్ రాగానే వాల్వ్ మూసుకుంటుంది. గ్రండ్‌ఫాస్, వాట్స్ లాంటివాళ్ళు కిట్ లాగా అమ్ముతారు. చిక్కేంటంటే చల్లనీళ్ళ ట్యాప్ తిప్పితే కాసేపు గోరువెచ్చగా వస్తాయి, టెక్సాస్ ఎండాకాలంలో అదెలాగూ మామూలే కదా. కానీ కిచెన్ సింక్ కింద ఆర్‌ఓ ఉంటే ఆ వాల్వ్ అక్కడ పెట్టించకండి, మామూలు ఆర్‌ఓ మెంబ్రేన్ 100 డిగ్రీలు దాటిన నీళ్ళకి పాడవుతుంది.

ఇంకోటి, మ్యానిఫోల్డ్ (పైపులన్నీ చీలే ఒకే చోటు) నుంచి ఒక్కో ట్యాప్‌కి విడివిడిగా పైపు వేసిన ఇల్లయితే ఇదంతా పెద్దగా పనికిరాదు, వాల్వ్ పెట్టిన ఆ ఒక్క ట్యాప్‌కే లాభం.

ఇక పంపు ఎప్పుడు తిరగాలి అనేది, నా లెక్కలో అసలు కథ ఇదే. 24 గంటలూ వదిలేసినా 25 వాట్ల పంపు తినే కరెంటు రోజుకి 0.6 యూనిట్, దానికేం భయం లేదు, కానీ పైపులు రోజంతా వేడిగా ఉండి ఆ వేడంతా గోడల్లోకి పోతుంది, హీటర్ మాటిమాటికీ వెలుగుతుంది, ఎండాకాలంలో అయితే ఆ వేడిని మళ్ళీ ఏసీ లాగాలి. టైమర్ కొంత నయం, అందరూ ఒకే టైముకి లేచే ఇంట్లో అయితే. మా ఇంట్లో ఇండియా కాల్స్ వల్ల ఎవరు ఎప్పుడు లేస్తారో దేవుడికే తెలియాలి. అందుకే నేను బటన్ రకం తీసుకున్నా, సింక్ పక్కన నొక్కితే పంపు తిరిగి, వేడి తగలగానే తనే ఆగిపోతుంది.

ట్యాంక్‌లెస్ (నీళ్ళు నిలవ పెట్టకుండా అప్పటికప్పుడు కాచే) హీటర్ ఉన్నవాళ్ళు మామూలు పంపు తెచ్చి తగిలించకండి, లోపలే రీసర్క్యులేషన్ ఉన్న మోడల్స్ వస్తున్నాయి, అవి చూడండి లేదా మీ మోడల్‌కి కంపెనీ ఏ పంపు చెప్పిందో మాన్యువల్‌లో చదవండి. అందే చోటల్లా వేడినీళ్ళ పైపుకి ఫోమ్ తొడుగు వేసేయండి, చవక, ప్లంబర్ కూడా అక్కర్లేదు. హీటర్ దగ్గరగానీ సింక్ కిందగానీ, పంపు ఎక్కడ పెడితే అక్కడ ప్లగ్ పాయింట్ ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే ఎలక్ట్రీషియన్ ఖర్చు వేరే.