మా పెద్దత్త దొరబాబుకి మళ్ళీ గొంతొచ్చింది: పాతకాలం టెడ్డీ బేర్‌ని ఇంట్లోనే బాగుచేసిన నా అనుభవం

ఇంట్లో తాతలనాటి టెడ్డీ బేర్ ఉండి దాన్ని బాగుచేద్దామనుకునే వాళ్ళకి ముందుగా ఒక్క మాట. దాన్ని నీళ్ళలో ముంచొద్దు, వాషింగ్ మెషిన్ దగ్గరికి అసలు తీసుకెళ్ళొద్దు. ఆ కాలం బొమ్మల కీళ్ళలో ఉండేవి అట్టబిళ్ళలు, ఇనప పిన్నులు. తడిస్తే అట్ట గుజ్జయిపోతుంది, పిన్ను తుప్పుపట్టి ఆ మరక పైన బొచ్చు దాకా వస్తుంది, అది ఇక పోదు.

మాది నెల్లూరు, బొమ్మ మా పెద్దత్తది. మా తాత సైదాపురం వైపు ఒక మైకా కంపెనీలో గుమాస్తాగా చేసేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అక్కడి దొర కుటుంబం ఇంగ్లండుకి సామాను సర్దుకుంటూ, అప్పటికి ఉయ్యాల్లో ఉన్న మా అత్తకని దీన్ని ఇచ్చి పోయిందట. అందుకే దాని పేరు దొరబాబు. అత్త పెళ్ళయి కావలి పోయినప్పుడు ట్రంకుపెట్టెలో ఇదీ వెంట పోయింది, ఆవిడ పిల్లలు ఆడుకున్నారు, మనవళ్ళు ఆడుకున్నారు. నా చేతికొచ్చేసరికి ఒక కన్ను లేదు, ఎడమ చెయ్యి నాలుగు పోగుల మీద వేలాడుతోంది, వీపు కుట్టు విడిపోయి లోపలి దూది రాలుతోంది, మెడ దగ్గర పురుగు తినేసింది. ఒకప్పుడు వంచితే గుర్రుమనేదట, ఆ గొంతు పోయి చాలా ఏళ్ళయింది.

చూసినవాళ్ళందరూ ఒకటే మాట, పైన కొత్త గుడ్డ వేసి కుట్టించెయ్యమని. నాకు మనసొప్పలేదు. మూతి పక్కన బొచ్చు లేకుండా నున్నగా ఒక చోటుంది, అత్త చిన్నప్పుడు బుగ్గ ఆనించుకుని పడుకునీ పడుకునీ అరగదీసిన చోటు. దాన్ని కప్పేస్తే అది ఇంకో బొమ్మ అవుతుంది గానీ దొరబాబు కాదు. అందుకని పని మొదలెట్టకముందే ఒకటి గట్టిగా అనుకున్నాను: పూర్తిగా చెడిపోయిందే మార్చాలి, మిగతాదాని జోలికి పోకూడదు, తీసేసిన ముక్క ఏదైనా దాచిపెట్టాలి.

ముందు అది ఏ కాలంది, దేంతో చేసిందీ తెలుసుకోవాలి కదా. టెడ్డీ అనే పేరు 1902లో పుట్టింది. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకెళ్ళి, కట్టేసిన ఎలుగుని కాల్చనన్నాడని పత్రికలో కార్టూన్ వచ్చింది, అది చూసి బ్రూక్లిన్‌లో ఒక దుకాణదారు గుడ్డ ఎలుగు చేసి అమ్మకానికి పెట్టాడు. దాదాపు అదే సమయంలో జర్మనీలో స్టైఫ్ కంపెనీ కూడా కాళ్ళూ చేతులూ తిరిగే ఎలుగుబొమ్మని తయారుచేసింది. ఆ తొలినాటి వాటికి నిజం ఎలుగులాగా పొడుగు మూతి, వీపున మూపురం ఉండేవి. మా దొరబాబు మొహం గుండ్రం, చేతులు పొట్టి. పాదాల కింద రెక్సిన్. రెక్సిన్ అనేది అప్పట్లో బ్రిటన్‌లో తయారైన సరుకు, 1930ల నుంచి అక్కడి బొమ్మల పాదాలకి బాగా వాడారు. కంపెనీ పేరున్న గుడ్డముక్క ఊడిపోయినా, ఇది ఆ రోజుల బ్రిటిష్ బొమ్మేనని దాంతో నాకు నమ్మకం కలిగింది. పైన బొచ్చు మొహైర్, అంటే అంగోరా మేక వెంట్రుకలు.

మేక వెంట్రుక కాబట్టే పురుగు. మన గోడల మీద దోసగింజ లాంటి బూడిదరంగు గూడు మోసుకుంటూ పాకుతుంటుందే, అలాంటి వాటికి ఉన్ని, వెంట్రుకలు మంచి తిండి. అత్త ఏళ్ళ తరబడి కలరా ఉండలు వేస్తూనే ఉంది, కానీ సందులున్న ట్రంకుపెట్టెలో ఆ వాసనకి గుడ్లు చావవు. మ్యూజియంలలో చేసే పద్ధతి చలి. బొమ్మని పాలిథిన్ కవర్లో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీలో అంతకన్నా చల్లగానో ఉండే డీప్ ఫ్రీజర్లో కనీసం రెండు వారాల పాటు ఉంచాలి. ఇంట్లో ఫ్రిజ్ మాటిమాటికీ తీస్తాం, కరెంటు పోతుంది, దాన్ని నమ్మలేం. మా బావకి ఐస్‌క్రీమ్ షాపుంది, అక్కడ ఒక మూల చోటిచ్చాడు. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు, లేకపోతే చల్లటి బొచ్చు మీద గాల్లో తేమంతా నీళ్ళయి కూర్చుంటుంది. అందులోనూ మన నెల్లూరు గాలి! ఈ పనంతా ఎండలు మొదలయ్యాకే పెట్టుకున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలూ తుఫాన్లూ, ఏదీ లోపలి దాకా ఆరదు.

దుమ్ము తియ్యడానికి వాక్యూమ్ క్లీనర్ మూతికి దోమతెర గుడ్డ కట్టి, తక్కువ స్పీడులో పైపైన లాగాను. కడగడానికి నురగ మాత్రమే. అత్త కుంకుడుకాయలే కావాలని పట్టుబట్టింది. కుంకుడు రసం రంగు అంటుకుంటుందేమోనని చంక కింద కనపడని చోట రాసి, ఆరనిచ్చి చూశాను, ఏమీ కాలేదు. రసాన్ని బాగా గిలక్కొట్టి పైన తేలిన నురగని మాత్రం మెత్తటి బ్రష్షుతో బొచ్చు కొసలకి రాసి, గట్టిగా పిండిన తడిగుడ్డతో వెంటనే తుడిచెయ్యడం. మా బోరు నీళ్ళు ఉప్పు, కాబట్టి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొన్నాను. గుడ్డ ఎంత నల్లగా వచ్చిందో చెప్పలేను. ఆరిన తర్వాత దువ్వితే కింద అసలు బంగారు రంగు బయటపడింది.

తర్వాత వీపు. కొత్తగా ఎక్కడా కొయ్యలేదు, తయారీలో చివర చేత్తో కుట్టి మూసిన గీత ఒకటుంటుంది, దాన్నే విప్పాను. మూతికి మాస్కు తప్పనిసరి, ఎందుకంటే లోపల దూది సగం పొడైపోయి ముక్కులోకి పోతుంది. అత్త ఒక చిటికెడు వేళ్ళతో నలిపి, "ఏమ్మే, ఇది మన బూరుగు దూదే గదా!" అంది. నిజమే, ఆ రోజుల్లో ఇంగ్లండు బొమ్మల్లో బూరుగు దూది కూరేవారు, తేలిగ్గా ఉంటుంది, నీళ్ళు పీల్చదు. పొడైనదాన్ని జల్లెడ పట్టి తీసేసి, మిగిలిన పాతదానికి పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర తెచ్చిన కొత్త బూరుగు దూది కలిపాను. తలలో మాత్రం దూది కాదు, సన్నటి పోగుల్లా చివ్విన చెక్క. గట్టిగా బాగానే ఉంది, ముట్టుకోలేదు.

చెయ్యి కీలు దగ్గర నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. చేతి లోపల ఒక బిళ్ళ, ఒంటి లోపల ఒక బిళ్ళ, మధ్యలో రెండు గుడ్డలనీ దాటుకుంటూ కాటర్ పిన్ను, అంటే రెండు కాళ్ళుండే పిన్ను. చేతి వైపు బిళ్ళ నానిపోయి పొరలు పొరలుగా ఊడింది. పిల్లలు పరీక్షలకి తీసుకుపోయే అట్టలోంచి వడ్రంగి చేత అదే కొలతకి కొత్త బిళ్ళ కోయించాను. మెకానిక్ షాపులో స్టీలు పిన్ను, వాషర్లు దొరికాయి. పిన్ను ఒంటి లోపలికి వచ్చాక దాని రెండు కాళ్ళనీ నోస్ ప్లయర్‌తో పట్టుకుని, ఒక్కోదాన్ని బయటికి చుట్టలా తిప్పుతూ వాషర్ మీదికి అదిమి నొక్కాలి. వదులుగా నొక్కితే దూది కూరాక చెయ్యి మళ్ళీ వేలాడుతుంది. తిప్పితే కాస్త బిగువుగా కదిలి ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి, అదే గుర్తు.

ఇక గొంతు. దూది మధ్యలో ఒక అట్టడబ్బా, దాని మూతకి చిన్న చిన్న చిల్లులు. లోపల ఒక తిత్తి, దాని మీద బరువు, ఒక రీడు, అంటే గాలి తగిలితే అదిరి మోగే సన్నటి పట్టీ. బొమ్మని వంచితే బరువు జరిగి తిత్తిని నొక్కుతుంది, గాలి రీడులోంచి పోతూ గుర్రుమంటుంది. ఇది ఎవరికి చూపించాలా అని ఆలోచిస్తుంటే మా నాన్నకి తట్టింది, నాటకాల వాళ్ళ హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన ఊళ్ళో ఉన్నాడు కదా అని. ఆయన డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని వంచి చూసి, "ఇది హార్మోనీ పెట్టెకి తమ్ముడే గదమ్మా. రీడు బాగానే ఉండాది, తిత్తి గుడ్డే చీకిపోయింది" అన్నాడు. పాత గుడ్డ మడతలు ఎట్టా ఉన్నాయో కాగితం మీద గీసుకుని, పలచటి తోలు అదే మడతలో అంటించి, రీడు మీద దుమ్ముని సన్నటి బ్రష్షుతో తీశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, "మీ అత్తకి ఇనిపించు పో" అన్నాడు.

కన్ను సంగతి కొంచెం చెప్పాలి. ఉన్న కన్ను రంగులేని గాజుది, వెనక వైపు గోధుమ రంగు పూసింది. ఆన్‌లైన్‌లో అదే సైజు రంగులేని గాజు కన్ను తెప్పించి వెనక రంగు నేనే వేశాను, పాతదాని పక్కన పెట్టి చూసుకుంటూ. గోనెసంచులు కుట్టే దబ్బనంలో గట్టి దారం ఎక్కించి, కంటి చోటు నుంచి చెవి వెనక్కి పొడిస్తే లోపల చెక్క పోగులు కరకరమన్నాయి. లాగి ముడేసి, ముడి బొచ్చులోకి దూర్చేశాను.

పాదాల రెక్సిన్ పెచ్చులు ఊడుతోంది. ఇప్పుడు సీటు కవర్లకి వచ్చే రెక్సిన్ వేరే సరుకు, మందం ఎక్కువ. కాబట్టి పాతది తియ్యకుండానే, టీ డికాక్షన్‌లో రంగు పట్టించిన పలచటి నూలుగుడ్డ పైన కప్పి చుట్టూ కుట్టాను. మెడ దగ్గర చిల్లుకి కూడా అదే గుడ్డ లోపలి నుంచి. ముక్కు కుట్టు పాత రంధ్రాల్లోనే నల్ల దారంతో నింపాను, మూతి పక్క నున్నటి చోటు అలాగే వదిలేశాను.

కుట్టు మూసి కావలి తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పెడితే, ముందు ఆ నున్నటి చోటే తడిమింది. తర్వాత వెనక్కి వంచి లేపింది, గుర్రుమంది. "మా నాయన ఉంటే ఇని నవ్వేవాడు" అని, మళ్ళీ వంచింది. ఇక బీరువాలో పెట్టేది లేదని, హాల్లో అద్దాల అలమరలో ఎండ తగలని వైపు పెట్టించింది. తీసేసిన బిళ్ళ, పాత తిత్తి గుడ్డ, పొడి దూది ఒక నూలు సంచిలో వేసి, ఏం మార్చానో తేదీతో సహా కాగితం మీద రాసి దాని వెనకే ఉంచాను. వానాకాలం నెలకోసారి తీసి చంకలు, మెడ మడతలు చూడమని అత్త కోడలికి చెప్పి వచ్చాను.