పద్దెనిమిదేళ్ల పదకొండు రోజులకు మళ్లీ అదే గ్రహణం

నా దగ్గరొక పాత రూళ్ల నోటుబుక్కు ఉంది. చూసిన ప్రతి చంద్రగ్రహణానికీ అందులో ఒక పేజీ. మొదటి పేజీ మీద తేదీ 2000 జూలై 16. దాని కింద వంకర రాతలో ఒకే ముక్క: "చంద్రుడు ఉన్నాడు కానీ లేడు."

ఆ సాయంత్రం చంద్రోదయానికే గ్రహణం పూర్తిగా పట్టేసి ఉంది. డాబా మీద తూర్పుకు తిరిగి నిలబడ్డాం. "నాన్నా, చంద్రుడేడీ?" అని నేను ప్రాణం తీస్తుంటే, "ఉంటాడ్రా, ఎక్కడికి పోతాడు" అంటూ ఆయన. సంధ్య వెలుగు పూర్తిగా పోయాక చూస్తే, మేం వెతుకుతున్న చోటికి చాలా పైన ఆరిపోబోతున్న నిప్పుకణికలా ఉన్నాడు. అప్పటిదాకా మా కళ్ల ముందే ఉన్నా గుర్తుపట్టలేకపోయాం.

తర్వాత మరికొన్ని చూశాను. 2018 జూలై 27 గ్రహణం మాకు అర్ధరాత్రి దాటాక సంపూర్ణమైంది. ఎర్రబడ్డ చంద్రుడికి కాస్త కిందుగా అంగారకుడు, వాడూ ఎర్రగా, ఆ రోజుల్లో మామూలుకంటే బాగా వెలుగుతూ. మర్నాడు పేజీ రాస్తూ ఎందుకో మొదటి పేజీ తిరగేశాను. రెండు తేదీలకూ మధ్య 18 ఏళ్ల 11 రోజులు. ఇంత కాలానికోసారి అలాంటి గ్రహణమే తిరిగొచ్చే చక్రాన్ని సారోస్ అంటారు, దాని గురించి అప్పటికే చదివి ఉన్నాను. కానీ అది నా సొంత చేతిరాతలో కనిపించేసరికి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

లెక్క చిన్నదే. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సగటున 29.53 రోజులు. అలాంటివి 223 అయితే 6585.32 రోజులు. కానీ పౌర్ణమి ఒక్కటే చాలదు. చంద్రుడు రాహువు, కేతువు అని పిలిచే రెండు బిందువుల్లో ఒకదాని దగ్గర ఉండాలి, అంటే తన దారి భూమి దారి తలాన్ని దాటే చోట. అదే బిందువుకు తిరిగి రావడానికి 27.21 రోజులు; 242 చుట్లకు 6585.36. ఇక భూమికి దగ్గరగా వచ్చి, దూరమై, మళ్లీ దగ్గరయ్యే చుట్టు 27.55 రోజులు, 239 చుట్లకు 6585.54. సంబంధం లేని మూడు లెక్కలు ఒకే రోజు దగ్గర కలుస్తాయి. అందుకే 2000లో చంద్రుడు భూమికి బాగా దూరంగా ఉండి నెమ్మదిగా నీడ నడిమి నుంచి పోతే, 2018లోనూ అంతే. సంపూర్ణ దశ మొదటిది సుమారు 106 నిమిషాలు, రెండోది 103.

ఈ 223 నెలల సంగతి బాబిలోనియా వాళ్లు పట్టుకున్నారు. గ్రహణాలను మట్టి పలకల మీద తరతరాలుగా రాసిపెట్టుకోబట్టి అది దొరికింది. సారోస్ అన్న పేరు మాత్రం ఈ లెక్కకు వాళ్లు పెట్టింది కాదు, 1691లో ఇంగ్లిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హాలీ పొరపాటున తగిలించాడు. ఆకాశ లెక్కలు చూపే ప్రాచీన గ్రీకుల పళ్లచక్రాల పరికరం, అంటికితెరా యంత్రం వెనకవైపు చుట్టలు చుట్టుకున్న ముఖం మీద కూడా 223 గళ్లున్నాయి.

ఆ చివరి 0.32 రోజు దగ్గరే చిక్కంతా. ఆ సుమారు ఎనిమిది గంటల్లో భూమి ఇంకో మూడోవంతు తిరిగిపోతుంది కాబట్టి తర్వాతి గ్రహణం పడమటి వాళ్లకు బాగా కనిపిస్తుంది. మూడు సారోస్‌లు, అంటే 54 ఏళ్లు దాటితే మళ్లీ మొదటి వాళ్లకే అంటారు. నాకు ఇక్కడే తేడా కొట్టింది. 2000 గ్రహణం నడిమధ్య సమయం విశ్వకాలంలో (మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక) 13:56, 2018ది 20:22. ఎనిమిది గంటలేదీ? ఆరున్నరే. చంద్రుడూ భూమీ ఎప్పుడూ ఒకే వేగంతో నడవవు, ఎనిమిది గంటలన్నది సగటు మాటే. అదే 2008 ఫిబ్రవరి 21, 2026 మార్చి 3 గ్రహణాల కుటుంబంలో చూస్తే 03:26 నుంచి 11:33కి, బుద్ధిగా ఎనిమిది గంటల పైచిలుకే జరిగింది.

కుటుంబం అన్నది నా మాటే, కానీ సరిపోతుంది. సారోస్‌కోసారి వచ్చే గ్రహణాల ఒక్కో వరుస పన్నెండు పదమూడు శతాబ్దాలు, కొన్ని ఇంకా ఎక్కువే బతుకుతుంది. భూమి నీడకు బయటి అంచైన పలుచని నీడ తగిలీ తగలనట్టు మొదలై, మధ్యలో సంపూర్ణమై, మళ్లీ పలచబడి ఆగిపోతుంది. నా రెండు పేజీల కుటుంబంలో సంపూర్ణ గ్రహణాలు 1910లో మొదలయ్యాయి, 2090తో అయిపోతాయి.

చూడటానికి పెద్ద హంగు అక్కర్లేదు. కళ్లకు నల్ల అద్దాలూ వద్దు, భయమూ వద్దు. 7×50 లేదా 10×50 బైనాక్యులర్, గోడకు ఆనుకోవడానికి ఒక చోటు చాలు. మొదటి గంట పలుచని నీడలో ఏమీ తెలియదు, టీ తాగొచ్చు. తర్వాత దట్టమైన నీడ అంచు చంద్రుడి మీది టైకో, కోపర్నికస్ లాంటి బిలాలను దాటే క్షణాలు రాసుకోండి. ఇలాంటి సమయాల నుంచే, భూమి గాలిపొర కారణంగా నీడ ఉత్త జ్యామితి చెప్పేదానికంటే దాదాపు రెండు శాతం పెద్దగా ఉంటుందని తేలింది. 2011 జూన్ 15న నేను పద్దెనిమిది బిలాలు రాశాను, తీరా చూస్తే నా గడియారం రెండు నిమిషాలు వెనక. పేజీ మొత్తం దండగ.

సంపూర్ణమయ్యాక రంగు చూడండి. డాంజో కొలబద్దలో సున్నా అంటే దాదాపు కనిపించకపోవడం, నాలుగు అంటే మెరిసే రాగి రంగు. 2018కి నేను రెండు వేశాను, పక్కనున్న తమ్ముడు మూడన్నాడు, ఇప్పటికీ తెగలేదు. అంచున సన్నటి నీలిచాయ కనిపిస్తే అది ఓజోన్ పొర పని. ఫోన్ ఫోటోల్లో నాకెప్పుడూ తెల్ల చుక్కే వచ్చింది, మానేశాను.

2028 డిసెంబరు 31న 71 నిమిషాల సంపూర్ణ గ్రహణం ఉంది. అదే కుటుంబంలోని 2010 డిసెంబరు 21 గ్రహణానికి తమ్ముడిది. ఆ అన్న గ్రహణాన్ని చూడలేకపోయాను, అప్పుడు మాకు పగలు. ఈసారి పేజీకి గళ్లు ముందే గీసి పెట్టుకున్నాను. నా మొదటి పేజీ కుటుంబం మాత్రం 2036 ఆగస్టు 7న వస్తుంది, అదీ నేనున్న చోట చంద్రుడు అస్తమించాక. సముద్రాల అవతలున్న అన్నయ్య కూతురికి చెప్పాను, చూసి రాసి పంపమని. "నోటుబుక్కు నువ్వే పంపుతావా బాబాయ్?" అంది. పంపుతానన్నాను, రూళ్లదే.